తమ్ముడి నడుముకి నాన్న తువ్వాలు

మొన్న శ్రీశైలం బయల్దేరుతూ, అనకాపల్లిలో ఇంటి ముందే మా తమ్ముడు కారులో కూతురికి బెల్టు పెట్టాడు. టిక్కుమన్న ఆ చప్పుడు వినగానే నాలో పాత కుళ్ళు మళ్ళీ లేచింది.

మన చిన్నప్పుడు బెల్టులెక్కడివి? వేసవి సెలవుల్లో అద్దె జీపెక్కితే అమ్మ, బెల్లం వాసనేసే నాన్న తువ్వాలుతో వాణ్ణి తన నడుముకి కట్టేసుకునేది. వాడు హాయిగా నిద్రపోయేవాడు. నన్నూ కట్టమని ఏడిస్తే, "పెద్దదానివి కాదేటే? ఆ కమ్మీ గట్టిగా పట్టుకో" అనేది. దారంతా అరచేతులకి తుప్పు వాసన, కడుపులో మంట. ఇది చదివే అక్కలందరికీ తెలుసు ఆ మంట!

అదే చెప్పి వాణ్ణి దెప్పాను. "రాజాలాగ పడుకునీవోడివి నువ్వు!"

వాడు నవ్వలేదు.

"బ్రేకేసినప్పుడల్లా మెలకువొచ్చీసీదక్కా. కళ్ళు తెరిసి సూత్తే అమ్మ రెండు సేతులూ నీ సుట్టూనే ఉండీవి. నన్ను పట్టుకున్నది తువ్వాలు. ఇప్పటికీ కుళ్ళే నాకు."