సంఘం చీరకు అంటిన పసుపు

కాగితం మీద రాసి ఫోటో తీసి పెడుతున్నాను. చేతిరాత బాగుండదు. ఊరి బడిలో చదివిన చదువు, తప్పులు కూడా ఉంటాయి. ఏమీ అనుకోకండి.

మా చిన్నప్పుడు... జగిత్యాల వైపు మా పల్లెలో, చర్చికి వచ్చే ఇళ్లన్నింటికీ కలిపి ఒక్కటే పెళ్లి చీర ఉండేది. తెల్లటి నూలు చీర, సంఘం చీర అనేవాళ్లం. పాస్టరమ్మ ఇంట్లో ట్రంకు పెట్టెలో, వేపాకుల మధ్య ఉండేది. ఎవరి పెళ్లైనా ఆ పిల్ల అదే కట్టుకునేది. తరువాత ఉతికి, మడతపెట్టి తిరిగి ఇచ్చేసేవాళ్లు.

మా అక్క పెళ్లి కుదిరింది. పిల్లవాడిది కాగజ్‌నగర్. పెళ్లి ఎల్లుండి అనగా చీర మా ఇంటికి వచ్చింది.

మేము నాన్నను బాపు, అమ్మను అవ్వ, బాపు తల్లిని బాపమ్మ అనేవాళ్లం. మాది పసుపు పండే ఊరు. కొమ్ములు ఉడకబెట్టి ఆరబోసే రోజులవి... బాపమ్మ వేళ్లు ఎప్పుడూ పచ్చగానే ఉండేవి. కొత్త బట్ట ఇంటికొస్తే కట్టుకునే ముందు మూలకు ఇంత పసుపు అద్దడం ఆమెకు చిన్ననాటి అలవాటు. చర్చికి పోవడం మొదలుపెట్టాక కూడా అది పోలేదు.

చీర విప్పింది. కొంగు మూలకు పసుపు పెట్టేసింది.

అవ్వ చూసింది.

"ఏం జేసినవ్ అత్తా... గిది మనింటి చీరనా? సంఘపోళ్లందరిది."

"కొత్త బట్టకు పసుపు వెట్టకుంట ఎట్ల కట్టుకుంటదే?"

"కొత్తదా గిది? ఎంతమంది కట్టి ఇడిశిండ్రో."

"నా మనుమరాలికి కొత్తదే గద."

పిల్లవాడి తరఫు వాళ్లు పాతకాలం నుంచి చర్చి వాళ్లు. కొంగుకు పసుపు చూస్తే, వీళ్లు ఇంకా మారలేదని మాట వస్తుంది... ఆ మాట అక్క జన్మంతా పడాలి. అవ్వ భయం అదే.

చీర తీసుకుని బావి దగ్గరికి పోయింది. సబ్బు పెట్టి గట్టిగా రుద్దింది. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో ఆ కంగారులో మరిచిపోయింది. మరక ఎర్రబడింది... నెత్తురు లాగా. అవ్వ చీర చేతిలో పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

పక్కింటి రాజవ్వ గోడ మీది నుంచి తొంగిచూసింది.

"మంచిగైంది తియ్యి. ముసల్దానికి కుంకుమ వెట్టే పని గూడ తప్పింది."

ఎవరూ నవ్వలేదు. కాసేపటికి రాజవ్వే నిమ్మకాయ తెచ్చి ఇచ్చింది. పులుపు తగలగానే ఎరుపు పోయి మళ్లీ పసుపయింది. అంటే... మొదటికే వచ్చింది.

"ఇగ ఎండే దిక్కు," అంది రాజవ్వ.

ఎండకు పసుపు రంగు వెలిసిపోతుంది. వాకిట్లో నులకమంచం వేసి, దాని మీద కొంగు పరిచారు. పక్కన చెంబుతో నీళ్లు పెట్టుకుని బాపమ్మ కూర్చుంది. ఆరగానే తడపాలి. ఆరితే మళ్లీ తడపాలి. కోళ్లు వస్తే కట్టెతో అదిలించేది. అన్నానికి పిలిస్తే రాలేదు. పచ్చటి వేళ్లు మళ్లీ ఎక్కడ తగులుతాయోనని చేతులు ఒళ్లో పెట్టుకుంది. నీళ్లు చల్లేటప్పుడు తప్ప తీయలేదు.

అవ్వ ఆమెతో మాట్లాడలేదు. నేను గడప మీద కూర్చుని చూశాను. నాకు ఏమనిపించిందో ఇప్పుడు గుర్తు లేదు.

మర్నాడు కూడా అంతే. పొద్దు వాలేటప్పుడు బాపమ్మ కొంగును కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. ఈ మూల చూసింది, ఆ మూల చూసింది. తను ఎక్కడ పెట్టిందో తనకే దొరకలేదు.

"పోయిందే," అంది. సంతోషంగా అనలేదు.

అక్క వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. కాలు చాపింది.

"చీరకెందుకే బాపమ్మా... నాకు వెట్టు."

"మీ అవ్వ తిడ్తది."

"చీర కిందికి ఎవలు జూస్తరు?"

బాపమ్మ అవ్వ వైపు చూసింది. అవ్వ చీర మడతపెడుతూ అటు తిరిగి నిలబడింది. బాపమ్మ లోపలికి పోయి పసుపు తెచ్చింది. అక్క పాదాలకు, మడమల దాకా, మెల్లగా రాసింది.

మర్నాడు చర్చిలో అక్క తెల్లగా నిలబడింది. ఎవరూ ఏమీ అనలేదు.

బాపమ్మ పోయింది. అవ్వ, బాపు పోయారు. మొన్న వానకాలంలో అక్క కూడా పోయింది. కాగజ్‌నగర్ వెళ్లాను. అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు... ఇంకా రాలేదు. ఆ రోజు వాకిట్లో ఉన్న మా ఇంటివాళ్లలో నేనొక్కణ్నే మిగిలాను.

ఇప్పుడు మరకకు సీసాలో మందు దొరుకుతుంది. మిషన్లో వేస్తే అదే ఉతుకుతుంది. ఒకరి చీర కోసం రెండు రోజులు ఎండలో కూర్చునే పని ఎవరికీ లేదు. పెళ్లి చీర కూడా ఎవరిది వాళ్లే కొనుక్కుంటున్నారు... మంచిదే.

సంఘం చీర చివరికి ఎవరింటికి చేరిందో నాకు తెలియదు. మా వైపు ఆడబిడ్డలు ఎవరైనా అది కట్టుకుని ఉంటే, లేదా మీ ఊళ్లో కూడా ఇలాంటి చీర ఒకటి ఉండి ఉంటే, రాయండి. రెండు ముక్కలైనా చాలు. కొంచెం తొందరగా రాయండి.