పదిహేడా, పన్నెండా

వ్యాసాలు దిద్దే హాల్లో ఆవిడని అందరూ తక్కెడ మేడమ్ అంటారు. ఎదురుగా కాదులెండి, అంత ధైర్యం ఎవరికుంది! పొద్దున దిద్దినా, సాయంత్రం నడుం పట్టేశాక దిద్దినా ఆవిడ మార్కు అటూ ఇటూ కాదని పేరు. ఆ పేరంటే ఆవిడకి ఎంత మురిపెమో ఇంట్లో అత్తగారికి మాత్రమే తెలుసు.

ఈసారి పెద్దాఫీసు వాళ్లకి ఒక బుద్ధి పుట్టింది. వేసవిలో కాగితం మీద దిద్దిన వ్యాసాల్లో కొన్నిటిని ఫొటోలు తీసి, మార్కులు చెరిపేసి, అదే మనుషుల చేత కంప్యూటర్ మీద మళ్లీ దిద్దించాలట. రెండు మార్కులూ కలిస్తే వచ్చే ఏడు నుంచి అంతా తెర మీదే. మూడు మార్కులు మించి తేడా వచ్చినవాళ్లకి మాత్రం ఇక హాల్లో కుర్చీ ఉండదు.

ఆవిడ ధీమాగానే కూర్చుంది. కాసేపటికి గొడుగు వ్యాసం వచ్చింది. వాళ్లమ్మ పాత గొడుగు గురించి ఎవరో పిల్ల రాసింది. చూడగానే గుర్తొచ్చింది. అప్పుడు ఇరవైకి పదిహేడు వేసిన సంగతి కూడా గుర్తొచ్చింది, ఖర్మ! ఇప్పుడేమో పన్నెండు దాటి ఇవ్వబుద్ధి కావడం లేదు. చివర్లో "ఇప్పుడు గొడుగు నేనే పట్టుకుంటాను. అది నా వైపు వంగడం లేదు" అని ముగించేసింది ఆ పిల్ల. వంగకపోతే ఏంటట? ఆ ముగింపు మళ్లీ చదివింది. పన్నెండే.

ఇక కాలు నిలవలేదు. లేచి మంచినీళ్లు తాగింది. కిటికీ తెరిచింది, మూసింది, కూర్చుంది, మళ్లీ లేచింది. వేసవిలో మతి పోయిందా, ఇప్పుడు పోయిందా? ఇన్నేళ్లలో ఎంతమంది పిల్లల నోట్లో మట్టి కొట్టానో అనుకుంది.

పక్క బల్ల మాస్టారు తల తిప్పకుండానే గొణిగారు. "ఏంటమ్మా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు? పాత మార్కు గుర్తులేదా?"

"ఉంది."

"మరింకేం, అదే కొట్టెయ్యండి. ఇక్కడ అందరం చేస్తున్నదదే."

"చదివితే అంత రావట్లేదు మాస్టారూ."

"చదవమని మిమ్మల్నెవరన్నారు?"

పదిహేడు కొడితే కుర్చీ ఉంటుంది, పేరూ ఉంటుంది. పన్నెండు కొడితే రెండూ పోతాయి. కానీ గుర్తున్నదానికి మార్కు వెయ్యడం ఆవిడకి చేతకాదు. పన్నెండు కొట్టింది.

కొట్టిందే గానీ మనసు ఊరుకుంటేనా! సూపర్‌వైజర్ ప్రాణం తోడేసి బీరువాలోంచి ఆ కాగితాలు తీయించింది. నిలబడే చదివింది. చివరి పేజీకి వచ్చాక చూసుకుంటే, ఎడమ చేతి వేలు ఇంకా మొదటి పేజీలోనే ఉంది. ఎప్పటి అలవాటో. గొడుగు వంగడం లేదన్న మాట దగ్గర ఆ వేలు దానంతటదే పేజీలు వెనక్కి తిప్పింది. అక్కడుంది: వానలో అమ్మ గొడుగు ఎప్పుడూ పిల్ల వైపే వంచేదని, అమ్మ కుడి భుజం ఎప్పుడూ తడిసేదని. అమ్మ ఇక లేదని ఆ పిల్ల ఎక్కడా రాయలేదు. ఆవిడకి కళ్లనీళ్లు ఆగలేదు. పదిహేడే. తెర మీద ఈ మొదటి పేజీ ఎప్పుడో పైకి వెళ్లిపోయింది, వెనక్కి వెళ్లాలని తోచనే లేదు.

"తప్పు చేశాను, మార్చండి సార్," అంది.

"ఒకసారి కొట్టాక మారదమ్మా," అన్నాడు సూపర్‌వైజర్, బీరువాకి తాళం వేస్తూ.

నెల తిరక్కుండానే రిపోర్టు వచ్చింది. తెరకీ కాగితానికీ తేడాయే లేదట, మార్కులు అచ్చుగుద్దినట్టు కలిశాయట. కలవవూ మరి! ఒక్కరివి మాత్రం కలవలేదు కాబట్టి, నిలకడ లేని మనిషని ఆ మార్కులు లెక్కలోంచి తీసేశారట.

"ఆ పదిహేడేదో కొట్టేసుంటే నీ సొమ్మేం పోయేదే అమ్మాయ్? కుర్చీ ఉండేది," అన్నారు అత్తగారు.

"కుర్చీ పోతే పోనివ్వండి అత్తయ్యా. వచ్చే ఏడు పిల్లలందరివీ తెర మీదే దిద్దుతారు." ఆవిడ కూర్చోలేక వాకిట్లోకి వెళ్లి మళ్లీ వచ్చింది. "చివర్లో ఒక్కసారి మొదటి పేజీకి వెళ్లమని ఆ దిద్దేవాళ్లకెవరు చెప్తారు?"