చిక్కునూలు గంప

కొమురవ్వ పొద్దున ఖార్ఖానాకు రాగానే రాట్నం ముందర కూర్చునేది కాదు. ముందు సాంచెల, అంటే కరెంటు మగ్గాల, మధ్యనుంచి నడిచిపోయి, వరసకు అల్లుడయ్యే లక్ష్మీరాజాన్ని ఒక్క మాట అడిగేది.

"ఏం కూర తిన్నవ్ అల్లుడా?"

పుంటికూర అనో, పచ్చిపులుసు అనో జవాబొస్తే ఆ రోజుకు వేములవాడ రాజన్న దేవుడు చల్లగా చూసినట్టే. "కూరల ఎవలో ఏదో కలిపిండ్రత్తా, తినలే" అంటే మాత్రం ఆమె అతని సాంచ మీది కత్తెర తీసి తన రొట్టెల మూటలో దాచేది.

వేములవాడ తొవ్వ పక్కన బాలకిషన్‌రావు దొర పన్నెండు సాంచెలు పెట్టి నడుపుతున్న కాలమది. ఊరికి కరెంటు వచ్చి రెండేండ్లయినా కాలేదు. కొమురవ్వ పని రాట్నం మీద సాంచెలకు నూలు కండెలు చుట్టడం. ఆమె చుట్టిన కండెలో దారం తెగిందంటే జనం వింతగా చెప్పుకునేవారు.

లక్ష్మీరాజం మంచి పనివాడు, మెత్తని మనిషి. కొమురవ్వ మగడు పోయిన నెలంతా, ఎవరూ అడగకుండానే రోజూ రెండు కడవల నీళ్లు ఆమె వాకిట్లో పెట్టిపోయింది అతనే. కానీ ఏడాదికి మూడు నాలుగుసార్లు అతని మనసు అతని మాట వినేది కాదు. సాంచెల చప్పుడులో ఎవరో తనను తిడుతున్నట్టు వినబడేది. అట్లా రెండుసార్లు కత్తెర పట్టుకుని, నడుస్తున్న సాంచ మీది పడుగును అడ్డంగా కోసేశాడు. మూడోసారి జరిగితే మళ్లీ గడప తొక్కనియ్యనని దొర అందరి ముందే చెప్పాడు. దవాఖానకు పోదామని భార్య బాలలక్ష్మి ఎంత బతిమాలినా అతనిది ఒకటే మాట. తానేమన్నా పిచ్చివాడా అని.

ఆ మూడోసారి రాకుండా చూసే పని కొమురవ్వ తన నెత్తినేసుకుంది. ఒకనాడు అతను కూర తినలేదన్నప్పుడు, చేతులు ఊరికే ఉంచడమెందుకని చిక్కుపడ్డ ఒక నూలుచుట్ట, చిలప, అతని ఒళ్లో వేసింది. అతను మూలకు కూర్చుని పోగు తర్వాత పోగు విడదీస్తూ పోయాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి చిక్కు విడిపోయింది, అతని కండ్లలోకి మనిషి తిరిగి వచ్చాడు. అప్పటినుంచి చిక్కునూలంతా ఒక గంపలో కూడబెట్టింది. కూర తినని రోజున గంప లక్ష్మీరాజం ముందర ఉండేది. అతని సాంచను పక్క సాంచ ముత్యం చూసుకునేవాడు.

ఉపాయం బాగానే ఉంది కానీ, కొమురవ్వ చేతిలో నూలు చిక్కుపడితే కదా గంప నిండేది! చివరికి ఆమే మంచి చిలపలు తీసుకుని చిక్కు చెయ్యడం మొదలుపెట్టింది. పద్మశాలి ఇంట పుట్టి కావాలని నూలు పాడుచేయడమా? అందుకని చిలప చిలపకూ వేములవాడ దిక్కు తిరిగి రెండు చెంపలూ వేసుకునేది. దేవుడితో లెక్క అక్కడికక్కడే తీరిపోవాలని ఆమె నమ్మకం.

ఒకనాడు మధ్యాహ్నం బువ్వవేళ దొర ఖార్ఖానా గోడ వెనకకు చేతులు కడుక్కునేందుకు వచ్చి ఆమెను చూశాడు. చేతిలో తెల్లని చిలప. దాన్ని బట్టలు పిసికినట్టు పిసుకుతోంది, ముడి వేస్తోంది, చెంపలేసుకుంటోంది, మళ్లీ పిసుకుతోంది.

"ఏం జేస్తున్నవ్ కొమురవ్వా?"

నిజం చెబితే లక్ష్మీరాజం పని పోతుంది. అబద్ధం సమయానికి నోటికి రాలేదు.

"చిక్కు మంచిగ పడ్తలేదు దొరా" అంది.

దొర మెల్లగా రెండడుగులు వెనక్కి వేశాడు.

మరునాటినుంచి ఆమె రాట్నం కిటికీ దగ్గరికి మారింది. ఆమెతో గట్టిగా మాట్లాడవద్దని అందరికీ హుకుం అయింది. దొర లక్ష్మీరాజాన్ని చాటుకు పిలిచి, పాపం ముసలిదాని తలకాయ తిరిగింది, జర కనిపెట్టుకుని ఉండమని అప్పగించాడు. లక్ష్మీరాజం ఆ పనిని నిష్ఠగా చేశాడు. తెల్లారి ఆమె సాంచెల దిక్కు పోకముందే అతనే రాట్నం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏం కూర తిన్నవ్ అత్తా?"

కొమురవ్వ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. అతను ఆమె కత్తెర తీసుకుపోయి దూరంగా పెట్టాడు.

ఆ నవ్వు మాఘమాసం దాకా సాగింది. మాఘంలో లక్ష్మీరాజం మూడురోజులు అన్నం ముట్టలేదు. గంప ముందర పెడితే వేళ్లు పోగులను పట్టలేకపోయాయి, నూలు మీద కన్నీళ్లు పడ్డాయి. ఇది తన గంపకు లొంగేది కాదని కొమురవ్వకు ఆ పూట అర్థమైంది. పక్కన కూర్చుని అతని వీపు నిమిరింది. అంత బాధలోనూ అతను తనకు అప్పగించిన పని మరువలేదు.

"నీ తల్కాయకు మందిప్పియ్యాలె అత్తా. ఎవలు రాకున్నా నేను తోల్కపోత."

కొమురవ్వ చెయ్యి అతని వీపు మీదనే ఆగింది. తన కోసం దవాఖాన గడప తొక్కనివాడు ఆమె కోసం తొక్కుతానంటున్నాడు. తర్వాత లేచి, కొంగు సవరించుకుని, తిన్నగా దొర ముందర పోయి నిలబడింది. తన తలకాయ బాగుండట్లేదని, పట్నంలో డాక్టరుకు ఒక చిట్టి రాసియ్యమని అడిగింది. మనసు కరిగి దొర వెంటనే కలం తీశాడు. ఒక్కతే పోలేనంది. లక్ష్మీరాజాన్ని తోడు పంపమంది. అతను తిరిగివచ్చేదాకా ఆ సాంచ ఎవరికీ ఇవ్వనని మాట తీసుకుంది. అన్నిటికీ దొర తల ఊపాడు.

"ఇంకొక్కటి దొరా" అంది కొమురవ్వ. "చిట్టిల బీమారున్న మనిషి పేరు రాయకుండ్రి. గా జాగ జర ఖాళీగ ఉంచుండ్రి."