మొక్కల పేర్లు ఎవరు ఎక్కించారు?

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉంది. ఇంట్లో మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మేం నలుగురం కలిసి నర్సరీల కోసం ఒక సాఫ్ట్‌వేర్ చేశాం. ఏ మొక్క ఏ మడిలో ఉందో ఫోన్లోనే చూసుకోవచ్చు. ఓపెన్ సోర్స్. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. ఎవరు ఏ ముక్క చేర్చారో పేరుతో సహా అందులోనే ఉంటుంది. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

అందులో మొక్కల తెలుగు పేర్లన్నీ కడియంలో ఉండే సుభద్రగారి పని. భర్త పోయాక అన్నగారింట్లో ఉంటున్నారు. ఆయనకి నర్సరీ ఉంది. ఆవిడ మడుల వెంట తిరిగి, కలుపు తీసే ఆడవాళ్లని అడిగి, వాళ్లు పిలుచుకునే పేర్లు పట్టుకొచ్చి ఎక్కించేవారు. పొద్దస్తమానం ఫోన్ గోకుతోందని అన్నగారు విసుక్కునేవారట. ఆయన్ని మేం స్టాల్ పెట్టే ప్రదర్శనకి తీసుకొచ్చి కళ్లారా చూపిస్తానని ఎంత సంబరపడ్డారో!

రాజమండ్రిలో వ్యవసాయ ప్రదర్శన అది. మా స్టాల్‌కి ఒక పక్క స్ప్రేయర్లు, ఇంకో పక్క డ్రిప్ పైపులు. జనమంతా అక్కడే. మా దగ్గరికొచ్చినవాళ్లు, ఊరికే ఇస్తే మీకేంటండి లాభం అని అనుమానంగా చూసి, టేబుల్ మీది చాక్లెట్ తీసుకుని పోయేవారు. పొద్దున్నుంచీ నిలబడి నిలబడి నాకు ఒళ్లు మండిపోయింది. మిగతా ముగ్గురూ టీకి వెళ్లారు. అప్పుడొచ్చారు ఒక పెద్దాయన. కళ్లజోడు పెట్టుకుని, పేర్లు ఒక్కొక్కటే చదివారు.

"అబ్బో! ఇది మా కూలోళ్లు పిలిచే పేరండీ. ఏ పుస్తకంలోనూ ఉండదు. ఎవరు ఎక్కించారండి ఇవన్నీ?"

"నేనేనండి."

"అన్నీనా?"

"అన్నీ. రెండేళ్లు పట్టింది."

ఆయన వెనక్కి తిరిగారు. "అదేంటమ్మా సుభద్రా, నువ్వు ఎక్కించానన్నావు?"

కోపంగా కాదు, జాలిగా అడిగారు. చెల్లెలు గొప్పకి అబద్ధం చెప్పిందనుకున్నారు. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ గుండెలకి హత్తుకుని నిలబడ్డారు. నా వైపు చూశారు. నేను చెబుతానని చూశారు. లాప్‌టాప్ నా ముందే ఉంది. ఒక్క నొక్కు నొక్కితే ప్రతి మొక్క పక్కనా ఆవిడ పేరు వచ్చేది. నా చెయ్యి మౌస్ మీదే ఉంది. ఆ చెయ్యి తీసి, ఆయనకి కరపత్రం ఇచ్చాను.

"పదన్నయ్యా, బస్సు వేళయింది," అన్నారావిడ. అంతే.

ఎందుకు చేశాను? ఆయన ఆవిడ అన్నగారని, ఆవిడ వెనకే ఉన్నారని నాకు తెలియదు, నిజమే. తెలిశాక? అయ్యో, ఆవిడేనండీ అని నవ్వేస్తే పోయేది కదా? ఆ రోజంతటికీ నన్ను మెచ్చుకున్న ఒకే ఒక్క మనిషి ముందు అబద్ధాలకోరుని కాలేకపోయాను. అందుకు ఆవిడని చేశాను. ఈ పని అందరిదీ, ఇందులో ఒకరి పేరేంటి అని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఛీ. ఎవరి పేరూ అక్కర్లేకపోతే నా పేరెందుకు చెప్పుకున్నట్టు?

ఆవిడ మళ్లీ ఒక్క పేరూ ఎక్కించలేదు. ఆఖరిది ప్రదర్శనకి ముందురోజుది. మావాళ్లు అడిగితే, ఇంట్లో పనులేమో అన్నాను. ఫోన్ చేసి, మొదటి రింగుకే కట్ చేసినవి ఎన్నో. ఒకసారి వాళ్ల నర్సరీ ముందు నుంచే వెళ్లాను. లారీకి మొక్కలు ఎక్కిస్తున్నారు. బండి ఆపలేదు.

ఇది రాస్తూ ఆవిడ పేరు మార్చుదామనుకున్నాను. ఇంకోసారి తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది, అంతే. ఆవిడకి ఇందువల్ల ఒరిగేదేమీ లేదు. ఆ పెద్దాయన ఇది చదవరు. అయినా ఆ రోజు ఆయనకి చెప్పాల్సిన మాట ఇక్కడ చెబుతున్నాను.

ఆ పేర్లు నేను ఎక్కించలేదండీ. మీ చెల్లెలు ఎక్కించారు.