స్కూల్ యూనిఫాంలో కాలేజీ పాఠం

నేను పదో తరగతిలో ఉండగా నాయన మా చేనులో బోరు వేయించాడు. చిలమత్తూరు దగ్గర మా ఊరు. బోరు బండి పొద్దంతా మోత మోగించి, నీళ్లు పడకుండానే వెళ్లిపోయింది. ఇంట్లో వాళ్లంతా దిగులుగా కూర్చుంటే, నా చూపు మాత్రం గుంత చుట్టూ పడిన రాతిపొడి మీదే ఉంది. ఒకచోట ఎర్రగా, ఒకచోట బూడిదరంగులో, ఇంకోచోట లేత గులాబీగా ఉంది. ఒకే గుంతలో ఇన్ని రంగులెందుకు? పక్క చేనులో నీళ్లు పడి మాకెందుకు పడలేదు?

మా సైన్సు మేడంని అడిగాను. "నాకు తెలీదు పాపా. హిందూపురం డిగ్రీ కాలేజీలో నా స్నేహితురాలు ఒకామె రాళ్ల పాఠమే చెప్తాండాది. పోయి అడుగు" అంది.

మేం పట్టుపురుగులు పెంచేవాళ్లం. నాయన పట్టుగూళ్లు అమ్మడానికి హిందూపురం మార్కెట్‌కు పోయిన రోజు, రాతిపొడి కవర్లలో కట్టుకుని వెంట వెళ్లాను. కాలేజీ మేడం ఆ పొడి చూసి, కాగితంలా పలుచగా అరగదీసిన రాతిముక్కనొకదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టింది. "మీ ఊరి రాయి కూడా ఇట్లాంటిదే. కొంచెం తిప్పి చూడు" అంది. తిప్పగానే నీలం పసుపైంది, పసుపు నల్లబడింది. ఎందుకు మారుతోందని అడిగాను. ఆమె చెప్పినదానికి ఇంకో ఎందుకు, దానికి మరొకటి. చివరికి ఆమె నవ్వేసి, "శనివారం మధ్యాహ్నాలు ప్రాక్టికల్స్ ఉంటాయి. వచ్చి కూర్చో. హాజరూ ఉండదు, మార్కులూ ఉండవు" అంది.

వెళ్లనివ్వమని మా హెడ్మాస్టరును అడిగాను. "ఆ పూట ఆటలే కదా, పో. మార్కులు తగ్గినాయంటే మాత్రం ఆపేస్తా."

పొద్దున్నే మల్బరీ ఆకు కోసి పురుగులకు వేయడం, బడి, సాయంత్రం స్పెషల్ క్లాసులు. వీటి మధ్య శనివారం అన్నం తినీ తినకుండా, స్కూల్ యూనిఫాంలోనే బస్సెక్కేదాన్ని. మొదటిరోజు వెనక బెంచీలోంచి ఎవరో, "ఏమప్పా, టెన్త్ పాప వచ్చింది, సీటు ఇయ్యండి!" అని అరిచారు. అందరూ నవ్వారు. పాఠం ఇంగ్లీషులో. ఖనిజాల పేర్లు ఎలా వినపడితే అలా తెలుగులో రాసుకున్నాను. పక్కన కూర్చున్న అక్క నా రాత చూసి, ఒక్కో పేరుకూ పెట్టెలోంచి ఒక్కో రాయి తీసి నా చేతిలో పెట్టింది. పేరు అర్థం కాకపోయినా రాయి బరువు తెలిసింది.

దసరా ముందు పరీక్షల్లో లెక్కల మార్కులు పడిపోయాయి. హెడ్మాస్టరు అన్న మాట ప్రకారం నన్ను కాలేజీకి పోకుండా ఆపేశాడు. ఆ తర్వాతి శనివారాల్లో ఖోఖో ఆడుతున్నా మనసంతా హిందూపురంలోనే ఉండేది.

కాలేజీ మేడం ఇచ్చిన భూతద్దం నా దగ్గరే ఉండిపోయింది. దాన్ని తిరిగిచ్చి, ఇక పిల్ల రాదని చెప్పడానికి నాయన మార్కెట్ నుంచి కాలేజీకి వెళ్లాడు. సాయంత్రం వచ్చి, చొక్కా కూడా విప్పకుండా నా ముందు కూర్చున్నాడు.

"అమ్మా, ఆ రాయి తిప్పితే రంగులెందుకు మారతాయి?"

"నువ్వూ చూసినావా నాయనా?"

"ఆయమ్మ చూడమనింది. చూసినా. ఎందుకో చెప్పింది గానీ నాకు ఎక్కలేదు."

నాకు తెలిసినంత చెప్పాను. అదీ ఆయనకు పూర్తిగా ఎక్కలేదు. మరుసటిరోజు నాయన బడికి వచ్చాడు.

"సార్, పిల్లను కాలేజీకి పోనీండి. లెక్కలు నేను దగ్గర కూచోబెట్టి చేయిస్తా."

"నీకు లెక్కలొస్తాయా అప్పా?"

"రావు సార్. కూచోబెట్టేది వస్తుంది."

హెడ్మాస్టరుకు నవ్వాగలేదు. ఒప్పుకున్నాడు. నాయన నిజంగానే రోజూ నా ఎదుట కూర్చునేవాడు. నేను లెక్క ముగించేదాకా లేచేవాడు కాదు.

చలికాలంలో మేడం తన విద్యార్థులను ప్రాక్టీసుకని మా చేనికే తీసుకొచ్చింది. ఇనుప కడ్డీలు నాటి, వైర్లు పరిచి, భూమిలోకి కరెంటు పంపి, లోపలి రాయి ఎలా ఉందో అంచనా వేశారు. ఊరంతా గట్టున నిలబడి చూసింది. వాళ్లు వెళ్లాక నాయన అడిగాడు: "ఈసారి బోరు యాడ వేయమంటావు?"

గర్వంగానూ భయంగానూ అనిపించింది. "నాకు తెలీదు నాయనా. తూర్పు గట్టుకాడ లోపల రాయి పగిలినట్టుండాది అనింది మేడం. నీళ్లుండాయని మాత్రం ఆయమ్మ కూడా చెప్పలేదు."

నా పరీక్షలయ్యాక అక్కడే బోరు వేయించాడు. ముందు తడిపొడి వచ్చింది, తర్వాత బురద, ఆ తర్వాత నీళ్లు. ధార పెద్దదేమీ కాదు, మల్బరీ తోటకు సరిపోయింది. ఎండలు ముదిరాక అదీ సన్నగిల్లింది. ఎందుకని మేడంని అడగబోతే, "తాడుకు బరువు కట్టి, బోరులోకి దించి వారానికోసారి నీటిమట్టం కొలువు. ఆ తర్వాత అడుగు" అంది.

ఇప్పుడు నేను ఆ కాలేజీలోనే డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉంటున్నాను. కొలిచే పని నాయనది. మొన్న ఫోన్ చేసి, "వాన పడినప్పుడు ఊరకుండి, వారం పోయినాక పైకొచ్చినాయి నీళ్లు. అన్ని దినాలు యాడ ఉన్నట్టు?" అని అడిగాడు. సోమవారం క్లాసులో అడిగి చెప్తానన్నాను.