తాడు తుడిచాకే

ఇవాళ పొద్దున మేడ మీద తడిబట్టల బకెట్టు దించి, ఆరేసే తాడును ఈ చివర నుంచి ఆ చివరకు పాతగుడ్డతో తుడిచాను. గుడ్డకు కాస్త ఎర్రమట్టి అంటింది. తడిసిన నైలాను తాడు వాసనకు మల్కాపురం గుర్తొచ్చింది, దాంతోపాటు మహాలక్ష్మి అత్త గుర్తొచ్చింది, ఎప్పటిలాగే చిరాకూ వచ్చింది. పెందుర్తి గాలిలో నల్లపొడి లేదు. తాడు తుడవాల్సిన పనీ లేదు. అయినా తుడవకుండా ఒక్క జాకెట్టయినా ఆరేయలేను. ఈ రోగం ఆవిడ అంటించిందే.

పెళ్లయి మల్కాపురం వచ్చిన కొత్తలో మేము అద్దెకున్న వాటాకు పక్క వాటాలో ఉండేది ఆవిడ. చుట్టం కాదు, పక్కింటి పెద్దావిడ కాబట్టి అత్త. అక్కడ తాళ్ల మీద పోర్టు నుంచి ఎగిరొచ్చే నల్లటి బొగ్గుపొడి పేరుకుంటుందని తెలియక, మొదటి వారంలోనే నా తెల్లచీరకు అడ్డంగా మసిచార తెచ్చుకున్నాను. ఓ మంచిమాట అంటుందేమోనని చూస్తే, "బట్ట సూసినావు గానీ తాడు సూసినావేటే పిల్లా?" అంది. ఆనాటి నుంచి నా తాడు కూడా తనే తుడిచేది. తుడుస్తూ నా కూర, నా కాఫీ, నా కాపురం అన్నీ తనిఖీ చేసేది. వద్దన్నా వినే మనిషి కాదు.

నేను ఒక ప్రైవేటు క్లినిక్కులో ల్యాబు టెక్నీషియన్ని. మా ఆయన రమణ పోర్టులో క్రేన్ ఆపరేటరు. పెందుర్తిలో ఒక చిన్న ఫ్లాటు చూసుకున్నాం. లోను రెండు రకాలుగా దొరికేలా ఉంది. ఒకటి బ్యాంకుది, ప్రభుత్వం వడ్డీలో రాయితీ ఇచ్చేది. దానికి దస్తావేజులో భార్య పేరు ఉండాలన్నారు, తిరుగుడూ ఎక్కువే. రెండోది ఒక ఫైనాన్సు వాళ్లది. వడ్డీ ఎక్కువ, కానీ వెంటనే చేతికొస్తుంది, రమణ ఒక్కడి పేరు చాలు. రమణ వాళ్లన్నయ్య, మా బావగారు సన్యాసిరావు గారు రెండోదే మంచిదని తేల్చేశారు. వాయిదాలకు నా జీతం కావాలి, దస్తావేజుకు మాత్రం నా పేరు అక్కర్లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దాయన ముందు నోరు పెగల్లేదు.

ఒక ఆదివారం ఆయన మా ముందుగదిలో కూర్చుని, "పేరెవులిదైతే ఏటిరా? ఇల్లు మనందరిదీనూ. బేంకుల సుట్టూ ఎవుడు తిరుగుతాడు? రేపెళ్లి సంతకం ఎట్టీ" అంటున్నారు. రమణ తల ఊపుతున్నాడు. మహాలక్ష్మి అత్త మసిగుడ్డ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. పిలవకుండా రావడం ఆవిడకు అలవాటే.

"పేరెవులిదైనా ఒకటేనా బావూ?" అని అడిగింది.

"ఒకటే గదమ్మా" అన్నారు బావగారు.

"ఒకటే అయితే పిల్ల పేరే రాయించండి మరి. పోయిందేటున్నాది?"

బావగారు కాఫీ గ్లాసులోకి చూశారు. అత్త అక్కడితో ఆగలేదు. "నా పెనిమిటీ ఇలాగే అన్నాడు. పెద్దోడని గౌరవానికి అన్న పేరున రాయించినాడు. ఈ ఇల్లు మేం కట్టుకున్నదే బావూ. ఆయన పోయినాక, నా వాటాకి నాను బావగారి కొడుక్కి అద్దె కడతన్నాను."

కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా చెప్పింది. మేము అద్దె ఇచ్చేదీ ఆ కుర్రాడికే. ఇన్నాళ్లూ గోడకు ఇవతల ఉండి కూడా నాకా సంగతి తెలియదు. రమణ తల ఊపడం మానేశాడు. తర్వాత, "రేపు సెలవెట్టి బేంకుకే ఎల్తాను అన్నియ్యా" అన్నాడు.

ఆ తర్వాత బ్యాంకు మా చేత చేయించిన ప్రదక్షిణలు సింహాచలం కొండ చుట్టూ చేసుంటే పుణ్యమైనా దక్కేది. పథకం ఉందమ్మా, సర్వరు లేదనేవారు. సర్వరు వచ్చిన రోజున ఆఫీసరు ఉండేవాడు కాదు. నా ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉంది కాబట్టి, నేను నేనేనని నోటరీ చేయించుకురమ్మన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులు విసిరేసి, "మానేస్తానత్తా. ఆయన పేరునే పెట్టించేస్తాం" అన్నాను.

"బట్టలు మోసుకుని మేడెక్కినాక, తాడు మురికిగుందని దిగిపోతావేటి? తుడువు" అని తన పనిలో పడింది. ఆవిడ పీక నొక్కేయాలనిపించింది. మర్నాడు నోటరీ దగ్గరికి వెళ్లాను.

గృహప్రవేశానికి వచ్చి, వంటిల్లయినా చూడకుండా నేరుగా మేడెక్కి తాడు తుడిచింది. ఇక్కడ మసి లేదత్తా అంటే, దుమ్ముంటాది అంది. కిందికొచ్చాక, "నీ పేరేదీ, సూపించు" అని అడిగింది. ఆవిడకు చదువు రాదు. దస్తావేజు తెచ్చి నా పేరు చూపించాను. అత్త చూపుడువేలును కొంగుకు రెండుసార్లు తుడుచుకుని, అప్పుడు ఆ అక్షరాల మీద పెట్టింది. కాసేపు తియ్యలేదు.

రాత్రికి ఉండిపొమ్మన్నాను. "రేపు ఒకటో తారీకు. ఆడు అద్దెకొస్తాడు" అంటూ చెప్పులేసుకుంది.

ఆ అద్దె నిరుడు ఆవిడ పోయాకే ఆగింది. నాకు ఆ మనిషి మీద కోపం ఇంకా తగ్గలేదు. ఊళ్లో అందరి తాళ్లూ తుడిచింది, తన బట్టలు మాత్రం చివరిదాకా అద్దెతాడు మీదే ఆరేసుకుంది.