వలనూలు కవచం

మా బాబాయి కుడిచేతి మణికట్టు ఎందుకు విరిగిందో, అలా విరగడానికి కారణమైన లోపం నాకు మూడు రోజుల ముందే తెలుసన్న సంగతి, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. బట్టల పెట్టె అడుగున దాచుకున్న డైరీలో రాసుకున్నాను, అంతే. ఇన్నాళ్ళకు ఇలా నలుగురూ చదివేలా రాయడానికి మొన్న ఫీనిక్స్ బే బోట్ల రేవులో జరిగిన ఒక చిన్న విషయం కారణమైంది.

మాయాబందర్ బోటు టిక్కెట్టు కోసం ఆడవాళ్ళ వరుసలో నిలబడి ఉన్నాను. ఒక కూలీ కొత్త నైలాను వల మూటను నెత్తిన పెట్టుకుని జనంలోంచి దూసుకుపోతుంటే, పక్కనున్న ముసలాయన గొడుగు మొన ఆ వలలో చిక్కుకుంది. ఈయన ఇటు లాగాడు, ఆయన అటు నడిచాడు.

"అరే చాచా, ఛోడో! వల సిరిగిపోద్ది, సూసుకోవేటి?"

"నేను పట్టుకోలేదురా నాయనా, నీ వలే నన్ను పట్టుకుంది!"

వరుసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వరుసలోంచి తప్పుకుని వెళ్ళి ఒక పక్కన కూర్చున్నాను, ఆ పూట టిక్కెట్టు కూడా పోయింది.

నా ఈడు వాళ్ళలో బతు బస్తీలో పెరిగిన వాళ్ళుంటే వాళ్ళకు 'పోరు' గుర్తుండే ఉంటుంది. తెలియని వాళ్ళ కోసం చెబుతాను. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకు ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేట మీద బతకడానికి ఈ దీవులకు వచ్చిన కుటుంబాల్లో మాదీ ఒకటి. అక్కడ మా ఊళ్ళో ఏటా గంగమ్మ పండుగ మర్నాడు, ఎప్పటిదో రాజుల కాలంలో జరిగిన కోట ముట్టడిని తలుచుకుంటూ, మగవాళ్ళు రెండు పక్షాలుగా చీలి చెక్క కత్తులతో, కవచాలతో నిజంగానే తలపడేవారట. అది నాటకం కాదు, పద్యాలూ పాటలూ ఉండవు. దెబ్బ మోగాలి, మోగిన దెబ్బనే లెక్కలోకి తీసుకుంటారు. ఆ పోరును సముద్రం దాటించి తెచ్చినవాడు మా పెదనాన్న. నాన్నకు పెద్దన్న, పెళ్ళీ పిల్లలూ లేని మనిషి, ఊరి నుంచి వచ్చేటప్పుడు పాత చెక్క కత్తి ఒకటీ వల అల్లే సామానూ తప్ప ఇంకేమీ తెచ్చుకోలేదని అమ్మ చెప్పేది.

ఇక్కడ ఆయన చుట్టూ ఒక పదిమంది చేరారు. వేటకు వెళ్ళేవాళ్ళు, ఒక ఆఫీసు ప్యూను, బోటు మీద తాళ్ళు లాగే లస్కరు పని చేసే మా బాబాయి, డిగ్నాబాద్‌లో ఉండే వడ్రంగి మావయ్య. ఈ మావయ్య మాకు రక్తసంబంధం కాదు, తెలుగు చర్చికి వెళ్ళే కుటుంబం వాళ్ళది, మా పెరట్లోకి వస్తూ పోతూ పిల్లలందరికీ మావయ్య అయిపోయారు. పనుల్లేని సాయంత్రాల్లో వీళ్ళంతా మా పెరట్లో చేరి చెక్కలు చెక్కుతూ, తోలు కోస్తూ, పోయినేడు ఎవరు ఎవరిని ఎలా పడగొట్టారో తగువులాడుకుంటూ కూర్చునేవారు. ఏడాదికి ఒక్క పూట ఆటకు పదకొండు నెలల పని అది. బస్తీలోని బెంగాలీలు, తమిళులు, రాంచీవాళ్ళు కూడా మైదానానికి వచ్చి చూసేవారు. వాళ్ళు దాన్ని 'తెలుగువాలోంకా లడాయి' అనేవారు.

అప్పటికి కవచాలంటే కిరసనాయిలు డబ్బాల రేకే. విప్పి, సాపు చేసి, ఛాతీకి ముందొకటి వెనకొకటి కట్టుకునేవారు. నాకు పదిహేడేళ్ళు వచ్చిన ఏడు ఆ రేకు అంచు ఒకటి ఊడి, ప్యూను గారి ముంజేతిని జానెడు పొడవున కోసేసింది. ఆసుపత్రిలో కుట్లు పడ్డాయి. బస్తీ పెద్దలు కూర్చుని, రేకు కవచాలు ఇక కూడదని, ముందు ముందు ఎవరికి దెబ్బ తగిలి ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చినా సరే పోరు బంద్ అని తేల్చేశారు. పెదనాన్న ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, అన్నం కలపకుండానే లేచిపోయారు. వేటకు వెళ్ళే ఓపిక ఆయనకు అప్పటికే పోయింది. చూపు తగ్గింది, వేళ్ళలో వణుకు మొదలైంది. పోరు కూడా పోతే ఆయన్ని ఆ బస్తీలో ఎవరైనా వచ్చి పలకరించడానికి కారణమంటూ ఉండదు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

నేను నలుగురిలో నోరు విప్పే మనిషిని కాదు. పుస్తకాలు మాత్రం దొరికినవన్నీ చదివేదాన్ని. స్కూల్లో చదువంతా హిందీలో, తెలుగు పుస్తకాలు మాత్రం వడ్రంగి మావయ్య ఇంటి నుంచి తెచ్చుకునేదాన్ని. ఆ ఏడు హిందీ చరిత్ర పుస్తకంలో ఒక బొమ్మ చూశాను. పాతకాలపు సిపాయి ఒకడు ఇనుప రింగులను ఒకదానిలో ఒకటి గుచ్చి చేసిన చొక్కా తొడుక్కుని ఉన్నాడు. చూడగానే ఇది వలే కదా అనిపించింది. పుస్తకం తీసుకెళ్ళి పెదనాన్న ముందు పెట్టాను. ఆయన దాన్ని కళ్ళకు దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, నూలుతో అల్లి గంజి పెడితే ఇనుమంత బిరుసెక్కుతుందన్నారు. అల్లడం మాత్రం తన వల్ల కాదన్న మాట తనే అనలేక, వల అల్లే సూదిని నా ఒళ్ళో పెట్టారు.

మాలో వల అల్లడం మగవాళ్ళ పని. ఆడపిల్ల వలను దాటితేనే తిట్టేవారు, ఇక పోరులో తొడుక్కునేదాన్ని ఆడపిల్ల అల్లిందంటే ఆ చొక్కాను ఎవరూ ముట్టరు. అందుకని పెదనాన్నే అల్లుతున్నారని అందరితో చెప్పుకున్నాం. ముడి వేయడం ఆయన దగ్గరే నేర్చుకుని, నేను మధ్యాహ్నాలు వంటింటి వెనక గదిలో తలుపు వేసుకుని అల్లేదాన్ని. సాయంత్రం మగవాళ్ళు వచ్చేసరికి ఆయన ఆ చొక్కాను ఒళ్ళో పెట్టుకుని, సూది పట్టుకుని కూర్చునేవారు.

రెండు పక్షాల నాయకులకు, అంటే బాబాయికీ వడ్రంగి మావయ్యకూ, రెండు చొక్కాలు, మిగతావాళ్ళకు తోలు కవచాలే. వలలో ఒక్కొక్క గడిని మేము కన్ను అంటాం. కన్ను ఎంత ఉండాలో కొలవడానికి ఒక్కో చేపకు ఒక్కో చెక్క ఉంటుంది, నూలును దాని చుట్టూ తిప్పి ముడి వేస్తాం. ఏ చెక్క తీసుకోమంటారని అడిగితే, పెదనాన్న చేత్తో తడిమి కానాగంతల చెక్కను ఇచ్చారు. జీవితమంతా ఆయన పట్టింది ఆ చేపనే. మెడ దగ్గర కన్నులు తగ్గించి, భుజాల దగ్గర పెంచి, చంకల్లో వదులు వదిలి, రెండూ పూర్తయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది. తరువాత వలలకు పట్టించినట్టే మడచెట్టు బెరడు కషాయంలో నానబెట్టి, చిక్కటి గంజి పెట్టి, ఎండాక వెండి రంగు పూశాం. ముడులు గులకరాళ్ళలా గట్టిపడ్డాయి. పది అడుగుల దూరం నుంచి చూస్తే అచ్చం ఇనుమే.

లోపల తొడుక్కోవడానికి మెత్తటి అంగీలు కావాలి. దూది కొనే స్తోమత లేక, పాత తెరచాప గుడ్డ రెండు పొరల మధ్య కొబ్బరి పీచు కూరి, అమ్మా నేనూ అడ్డంగా నిలువుగా కుట్లు వేశాం. తొడిగి చూసిన మొదటి రోజునే బాబాయి పెరడంతా గంతులు వేశాడు.

"ఓలమ్మో, ఇది అంగీయా దురదగొండాకా! వదినా, నన్ను సంపేత్తావేటి?"

"యుద్ధానికెల్లే మొగోడివి, పీచుకి ఏడుత్తావేటి? సుప్‌సాప్ తొడుక్కో," అంది అమ్మ, సూది నోట్లోంచి తీయకుండానే.

మైదానంలో అంత పెద్దగా కనబడే బాబాయి ఇంట్లో ఇలాగే ఉండేవాడు. నాకంటే పదేళ్ళే పెద్ద. నేను మాట్లాడను కాబట్టి ఆ లోటు తనే తీర్చాలన్నట్టు నాతో ఎప్పుడూ వాగుతూ ఉండేవాడు.

పోరుకు మూడు రోజులుందనగా వడ్రంగి మావయ్య కొత్త కత్తులు తెచ్చి మా ఇంట్లో పెట్టారు. పడౌక్ చెక్కతో చేసినవి, ఎర్రగా, బరువుగా ఉన్నాయి. ఊళ్ళో కత్తులు ఎలా ఉండేవో పెదనాన్న చెప్పగా విని, మొనను తమలపాకులా చెక్కి, ఆకు వెనక కాడను సన్నం చేశారు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను ఒక చొక్కాను గుంజకు తొడిగి, కత్తితో పొడిచి చూశాను. మొన కన్నులోకి దూరింది. వెనక్కి లాగితే రాలేదు. ఆకు భుజాలు ముడులకు తగులుకున్నాయి, అచ్చం చేప తల వల కన్నులో దూరి మొప్పల దగ్గర చిక్కుకున్నట్టు. గట్టిగా లాగితే గుంజే కదిలింది. చివరికి ఒక ముడి కోసి బయటకు తీసి, మళ్ళీ కట్టాను. కానాగంతలను పట్టే కన్ను కానాగంత తలంత మొననూ పడుతుంది. ఆ చెక్కను ఇచ్చిన ఆయనకూ, దానితో అల్లిన నాకూ అంతవరకు తట్టనే లేదు.

పెదనాన్నకు చెబితే ఆయన చొక్కాలు తీసేయమంటారు. చొక్కాలు లేకపోతే పెద్దలు పోరు జరగనివ్వరు. పైగా తన చేత్తో ఇచ్చిన చెక్క తప్పైందని ఆయనకు చెప్పాలి. ఇంకొక దారి ఉంది, కత్తుల మొనలను కాస్త అరగదీయమని మావయ్యతో అంటే చాలు. మర్నాడు సాయంత్రం అందుకే డిగ్నాబాద్ వెళ్ళాను, చదవడం పూర్తయిన పుస్తకం ఒకటి చేతిలో పట్టుకుని. గుమ్మంలో నిలబడి, చెప్పాల్సిన వాక్యాన్ని మనసులో నాలుగుసార్లు అనుకున్నాను. మావయ్య రంపం పక్కన పెట్టి తలెత్తారు.

"ఏమ్మా, అప్పుడే చదివేశావా? ఇంకోటి కావాలా?"

కావాలన్నాను. ఇంకో పుస్తకం తీసుకుని ఇంటికి వచ్చేశాను. కత్తి మొనల సంగతి నాకెలా తెలిసిందని ఆయన అడిగితే ఏం చెప్పాలో తెలియక అలా చేశానని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. అది పూర్తి నిజం కాదు. నోరు రాలేదు, అంతే.

పోరు రోజు మైదానం నిండిపోయింది. బాబాయీ వడ్రంగి మావయ్యా ఎదురుపడ్డారు. ముందు కాసేపు అన్నీ చదును దెబ్బలే, మోగినప్పుడల్లా జనం అరిచారు. తరువాత మావయ్య పొడిచారు, మొన బాబాయి నడుము దగ్గర దిగబడింది. మావయ్య మామూలుగా వెనక్కి లాగారు, ఆ లాగుడుతో బాబాయి ముందుకు తూలి, కుడిచెయ్యి కింద పడేలా బోర్లా పడ్డాడు. అది కూడా ఆటలో భాగమే అనుకుని జనం ఈలలు వేశారు. నాకు మాత్రం ఆ చెయ్యి మడత పడిన తీరు కనబడింది. పక్కన కూర్చున్న పెదనాన్న ఏం జరిగిందే, ఏం జరిగిందే అని అడుగుతున్నారు. బాబాయి లేచాడని చెప్పాను.

నిజంగానే లేచాడు. మావయ్యకు అనుమానం వచ్చి ఆగబోతే, "ఏటి మావా, అప్పుడే అలిసిపోనావా? రా, రా!" అని మైదానమంతా వినబడేలా ఎగతాళి చేశాడు. కత్తిని ఎడమచేతికి మార్చుకుని, నడుముకున్న ఎర్ర గుడ్డను కుడి మణికట్టుకు చుట్టుకుని, ఆట చివరిదాకా ఆడాడు. తరువాత పెదనాన్న కాళ్ళకు దణ్ణం పెట్టింది కూడా ఎడమచేత్తోనే, ఆయనకు అది కనబడలేదు. ఆసుపత్రికి వెళ్ళలేదు. బస్తీ చివర కట్లు కట్టే ఒకాయన దగ్గర పట్టీ వేయించుకుని, బోటు మీద జారిపడ్డానని ఇంట్లో చెప్పాడు. ఎముక వంకరగా అతుక్కుంది.

మరుసటి ఏడు కొత్త చొక్కాలు మొదలుపెట్టే ముందు, కానాగంతల చెక్కను నా కాలి కింద పెట్టి నేనే విరగ్గొట్టాను. పాతదైపోయి విరిగిందని పెదనాన్నతో చెప్పి, నెత్తళ్ళ చెక్కతో సన్న కన్ను అల్లాను. దానికి ఆరు నెలలు పట్టింది. కత్తి మొన ఎక్కడా దిగలేదు. పెదనాన్న బతికున్న ఐదేళ్ళూ పోరు జరిగింది, ఏటా సాయంత్రాలు ఆయన చుట్టూ మనుషులు కూర్చున్నారు. ఏమీ తెలియకుండానే ఆయన వెళ్ళిపోయారు. ఆ తరువాత ఇంకో రెండేళ్ళు జరిగి, ఎవరూ వద్దనకుండానే ఆగిపోయింది. మైదానంలో క్వార్టర్లు కట్టారు. ఇప్పుడు నూలు వల అల్లేవాళ్ళు ఎవరూ లేరు, నైలాను వల తయారుగా వస్తోంది. మేనత్తనైన నన్ను బువా అని పిలిచే మా తమ్ముడి పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఇది రాస్తున్నానని చెబితే, బువా, హిందీలో రాస్తే మేమూ చదువుతాం కదా అంటున్నారు. పోరు గురించి నోటితో చెబితే శ్రద్ధగానే వింటారు, దెబ్బలు నిజంగా కొట్టుకునేవారంటే మాత్రం నమ్మరు.

ఆ వంకర మణికట్టుతో బాబాయి బోటు మీద లావు తాళ్ళు లాగలేకపోయాడు. రెండేళ్ళు ఎలాగో నెట్టుకొచ్చి, మాయాబందర్‌లో కాపలా ఉద్యోగం దొరికితే వెళ్ళిపోయాడు. ఆ వర్షాకాలంలోనే జ్వరం వచ్చి అక్కడే పోయాడు. వెళ్ళే రోజు ఫీనిక్స్ బేకి నేను కూడా వెళ్ళాను. అందరితో మాట్లాడటం అయ్యాక, పెట్టెను ఎడమచేత్తో పట్టుకుని నా దగ్గరకు వచ్చి, ఎవరికీ వినబడనంత మెల్లగా మాట్లాడాడు.

"అది నువ్వల్లిందే అని నాకు తెల్దనుకున్నావేటే అమ్మీ? అన్న సేతులకి అప్పటికే వణుకు కదా. మంచి సొక్కాయే అది. ఆ రోజు ఒక్క దెబ్బ కూడా ఒంటికి తగల్నేదు."